తియ్యని నీరు ఎవరి అమానతు?

 



రాత్రి పడుకోబోయే ముందు సూరె ముల్క్ పఠించే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. పిల్లలకు కూడా కంఠతా వచ్చిన సూరా అది. దాని చిట్టచివరి ఆయతులో అల్లాహ్ మానవులను ఒక ప్రశ్న అడుగుతున్నాడు. మీ నీరు భూమిలోకి ఇంకిపోతే, ప్రవహించే నీటిని మీకు తెచ్చిపెట్టేవాడు ఎవడని ఆ ప్రశ్న సారాంశం (67:30). రోజూ చదువుతాం. నాలుక మీద నుంచి జారిపోతుంది. అయితే కృష్ణా డెల్టాలో, అందునా సముద్రానికి దగ్గరగా ఉన్న బందరులో, దివిసీమలో నివసించేవారికి ఇది ఎక్కడో ఎడారి ప్రజలను ఉద్దేశించిన మాట అనిపించకూడదు. మన కాళ్ల కింద నేలలో నీటికి కొరత లేదు. కొరత ఉన్నది మంచినీటికి.

నాగాయలంక, కోడూరు వైపు బోరు వేయించినవారిని అడగండి. కొన్ని చోట్ల ఇసుక మేటల్లో, పాత నదీపాయలు పారిన దారుల్లో తియ్యని నీరు పలుచని పొరలా నిలిచి ఉంటుంది. ఆ పొర దాటితే ఉప్పునీరే. అందుకే ఈ ప్రాంతంలో ఎన్నో ఊళ్లు తాగడానికి నమ్ముకున్నది బోరును కాదు, కాలువను. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చిన నీటితో ఊరి చెరువు నింపుకొని, వేసవిలో కాలువ కట్టేసినన్నాళ్లూ ఆ చెరువు మీదే కాలం గడుపుతారు. కృష్ణలో నీరు చాలని సంవత్సరాల్లో గోదావరి నీరు పట్టిసీమ మీదుగా వస్తే తప్ప సార్వా నాట్లు పడని పరిస్థితి కూడా చూశాం. మన గ్లాసులోకి వచ్చే నీరు అంత దూరం నుంచి, అన్ని చేతులు మారి వస్తోంది.

తియ్యని నీటినీ ఉప్పునీటినీ పక్కపక్కనే ప్రవహింపజేసి వాటి మధ్య అడ్డుతెర ఉంచినవాడు తానేనని అల్లాహ్ సూరె ఫుర్‌ఖాన్‌లో తెలియజేశాడు (25:53). మీరు తాగే నీటిని గురించి ఆలోచించారా, మేము తలచుకుంటే దాన్ని చేదెక్కేలా ఉప్పగా మార్చగలమన్న హెచ్చరిక సూరె వాఖిఅహ్‌లో ఉంది (56:68-70). డెల్టావాసులకు ఈ ఆయతుల తఫ్సీరు పెద్ద గ్రంథాల్లో వెతకనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నాక, బతికి బయటపడినవారు మొదట వెతుక్కున్నది గుక్కెడు మంచినీరే. చెరువులన్నీ ఉప్పుమయం అయిపోయాయి. ఆ తరం పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వారి నోట వినండి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ తియ్యని నీటి పొర కింద, ఉప్పునీటికీ కింద, వేల మీటర్ల లోతున ఉన్న రాళ్లలో చమురు, సహజవాయువు ఉన్నాయి. కృష్ణా-గోదావరి బేసిన్ అని వార్తల్లో వినేది దాన్నే. 1978లో నరసాపురంలో ఓ.ఎన్.జి.సి. తొలి బావి తవ్వింది. గుడివాడకు అవతల కైకలూరు, లింగాల ప్రాంతాల్లోనూ దశాబ్దాలుగా చమురు, వాయు బావులు ఉన్నాయి. ఇటీవల వేదాంత సంస్థ కృష్ణా జిల్లాలో 35 బావులు తవ్వడానికి ప్రతిపాదించిందనీ, వాటిలో 20 బావులకు జలవనరుల శాఖ నిరభ్యంతర పత్రం ఇచ్చిందనీ 2025లో వార్తలు వచ్చాయి. కాలువగట్ల పక్క ఊళ్లలో ఈ చర్చ నడుస్తూనే ఉంది.

ఇక్కడ ఒక తేడా గ్రహించాలి. బావి అనగానే అది రాతిని పగలగొట్టే బావి అయిపోదు. సాధారణ బావిలో వాయువు రాతి రంధ్రాల గుండా తనంతట తాను పైకి వస్తుంది. కొన్ని రాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. వాటిలో చిక్కుకున్న వాయువు కదలదు. అప్పుడు నీటిలో ఇసుక, రసాయనాలు కలిపి, విపరీతమైన ఒత్తిడితో లోపలికి పంపి రాతిని చీలుస్తారు. చీలికలు మళ్లీ మూసుకుపోకుండా ఇసుక రేణువులు అడ్డుపడతాయి. దీన్నే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ అంటారు, పొట్టిగా ఫ్రాకింగ్. పలకరాయి లాంటి షేల్ రాతి నుంచి వాయువు తీయాలంటే ఈ పద్ధతి తప్ప దారి లేదు. 2013లో కేంద్రప్రభుత్వం ప్రభుత్వరంగ చమురు సంస్థలకు షేల్ అన్వేషణకు అనుమతినిచ్చింది. 2018లో తెచ్చిన విధానం ప్రకారం, మామూలు చమురు కోసం బ్లాకు పొందిన సంస్థ అదే బ్లాకులో షేల్ వాయువును కూడా వెతకవచ్చు. కనుక ఈ రోజు మన పక్క పొలంలో తవ్వేది మామూలు బావే అయినా, తలుపు తెరిచే ఉంది.

దీనివల్ల కలిగే నష్టాలేమిటి? మొదటిది నీటి వాడకం. అమెరికా అనుభవంలో ఒక్కొక్క షేల్ బావికి సుమారు 60 లక్షల లీటర్ల నుంచి 6 కోట్ల లీటర్ల దాకా నీరు ఖర్చయింది. మహాప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే సుమారు లీటరు లోపు నీటితో వుజూ చేసుకునేవారని బుఖారి, ముస్లిం హదీసు గ్రంథాలు తెలియజేస్తున్నాయి. లెక్క వేసి చూడండి. లక్షమంది జనాభా ఉన్న పట్టణంలో ప్రతి ఒక్కరూ ఐదుపూటలా లీటరు చొప్పున వుజూ చేస్తే రోజుకు 5 లక్షల లీటర్లు. అంటే ఒక బావికి పట్టే నీరు ఆ పట్టణం మొత్తానికి 12 రోజుల నుంచి 120 రోజుల వుజూకు సరిపోతుంది. పారే నది ఒడ్డున ఉన్నా నీరు దుబారా చేయరాదని సఅద్ (రజి)కు ప్రవక్త (స) బోధించినట్లు ఇబ్నెమాజాలో ఉంది. మస్జిదు కుళాయి దగ్గర ఈ హదీసు రాసిన బోర్డు పెడతాం. కాలువ దగ్గర కూడా పెట్టవలసిన బోర్డు అది.

రెండవది, నా దృష్టిలో ఎక్కువ భయపడవలసింది, తిరిగి వచ్చే నీరు. లోపలికి పంపిన నీటిలో కొంత భాగం పైకి వస్తుంది. వస్తూ పాతాళంలోని ఉప్పును, భారలోహాలను, కొన్ని చోట్ల రేడియం వంటి రేడియోధార్మిక పదార్థాలను మోసుకొస్తుంది. దాన్ని గుంటల్లో, ట్యాంకుల్లో నిలవ చేస్తారు. చీలికలు వేల మీటర్ల లోతున ఉంటాయి కాబట్టి తాగునీటి దాకా రావని సంస్థల ఇంజనీర్లు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. చాలాచోట్ల నీరు చెడింది ఆ చీలికల వల్ల కాదు, పైభాగంలో జరిగిన తప్పుల వల్ల. కేసింగ్ పైపు చుట్టూ పోసిన సిమెంటు సరిగా పట్టకపోవడం, గుంటలు కారడం, లారీలు ఒలకబోయడం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏళ్ల తరబడి పరిశీలించి, కొన్ని పరిస్థితుల్లో ఈ కార్యకలాపాలు తాగునీటి వనరులకు హాని చేయగలవని 2016లో తేల్చింది. డెల్టాలో ఆ 'కొన్ని పరిస్థితులు' ఎలా ఉంటాయో ఊహించడం కష్టమా? 2024 సెప్టెంబరు ఆరంభంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అటువంటి రోజున పొలం మధ్యలో ఉన్న వ్యర్థజలాల గుంటకు గట్టు ఏమిటి, కరకట్ట ఏమిటి? ఒక గుంట పొంగితే నీరు పంటబోదెలోకి, బోదె నుంచి డ్రెయినులోకి, అక్కడి నుంచి చెరువులోకి పోతుంది. పెడన, బందరు కలంకారీ పనివారు బట్ట జాడించేది కూడా పారే నీటిలోనే. నీటి గుణం మారితే రంగు మారుతుందని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

భూకంపాల మాటా వినే ఉంటారు. అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రంలో చమురు బావుల వ్యర్థజలాన్ని తిరిగి భూగర్భంలోకి ఎక్కించడం వల్ల భూమి కంపించడం మామూలైపోయింది. 2016లో పానీ అనే ఊరి దగ్గర 5.8 తీవ్రతతో కంపించింది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఫ్రాకింగ్ కూడా కాదు, మామూలుగా వాయువు తీసినందుకే నేల కుంగి, కంపించి, వేల ఇళ్లు పగుళ్లిచ్చాయి. ఐరోపాలోనే అతిపెద్ద వాయుక్షేత్రమైన దాన్ని చివరకు 2024లో చట్టం చేసి శాశ్వతంగా మూసేశారు. సముద్రమట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తున ఉన్న నేల మనది. జానెడు కుంగినా ఉప్పునీరు ఒక ఊరు లోపలికి జరుగుతుంది.

గోదావరి డెల్టాలో 1995 జనవరి 8న పాసర్లపూడి బావి అంటుకొని 65 రోజులు మండడం, 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోవడం మన పొరుగునే జరిగాయి. అవి ఫ్రాకింగ్ వల్ల జరిగినవి కావు. అయినా పచ్చని కొబ్బరితోటల మధ్య ఈ పని చేస్తే పొరపాటు వెల ఎవరు చెల్లిస్తారో అవి చూపించాయి.

సోదరులారా! ఇప్పుడు బుఖారిలో నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ హదీసును గుర్తు చేసుకుందాం. కొందరు ఒక ఓడలో చీట్లు వేసుకొని స్థలాలు పంచుకున్నారు. కొందరికి పై అంతస్తు వచ్చింది, కొందరికి కింది అంతస్తు. కిందివారికి నీరు కావాలంటే పైకెక్కి, పైవారి మధ్య నుంచి వెళ్లాలి. పైవారికి ఇబ్బంది కలిగించడం ఎందుకు, మా భాగంలో మేమే ఒక చిల్లు పెట్టుకుంటే సరిపోతుంది కదా అనుకున్నారు. పైవారు చూస్తూ ఊరుకుంటే అందరూ మునుగుతారనీ, చేయి పట్టి ఆపితే అందరూ బతుకుతారనీ ప్రవక్త (స) వివరించారు.

ఈ హదీసును చెడు నివారణ గురించి చెప్పేటప్పుడు మనం తరచు ఉదహరిస్తాం. అయితే అందులోని రెండు విషయాలను దాటిపోతుంటాం. చిల్లు పెడదామన్నవారు దుర్మార్గులని ప్రవక్త (స) అనలేదు. వారికి నీటి అవసరం నిజంగానే ఉంది. పైగా ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదన్న మంచి ఉద్దేశంతోనే అలా ఆలోచించారు. 'మా భాగం' అన్నారు, అదీ నిజమే, చీటీలో వచ్చిన భాగమే. ఉద్దేశం మంచిదే, హక్కూ ఉంది, అవసరమూ ఉంది. అయినా ఓడ మునుగుతుంది. దేశానికి ఇంధనం అవసరం, భూమి యజమాని సంతకం పెట్టాడు, చట్టప్రకారం అనుమతి ఉంది అన్న మూడు మాటలకూ ఈ హదీసులో సమాధానం ఉంది.

రెండవ విషయం ఇంకా కటువైనది. చేయి పట్టి ఆపడం సరే, కిందివారి దాహం సంగతేమిటి? చేయి పట్టుకున్నవారే నీరు అందించకపోతే రాత్రికి రాత్రి మళ్లీ చిల్లు పడుతుంది. మన డెల్టాలో పై అంతస్తు ఎవరు? కాలువ మొదట్లో ఉన్నవారు. కింది అంతస్తు శివారు భూములవారు. ప్రతి ఏటా శివారుకు నీరు అందలేదన్న గోడు వింటూనే ఉంటాం. మడి ఎండిపోయిన రైతు మొదట రొయ్యల చెరువుకు లీజుకిచ్చాడు. ఆ చెరువుల ఉప్పు పక్క మడులకు పాకింది. నిజం చెప్పాలంటే ఇన్నాళ్లూ ఈ నేలకు ఎక్కువ ఉప్పు ఎక్కించింది చమురు సంస్థలు కావు, మన చెరువులే. రేపు అదే రైతు బావి స్థలానికి లీజు ఇస్తే అతన్ని నిందించే అర్హత, అతనికి నీరు వదలనివారికి ఉంటుందా?

ఇక్కడే కొందరు అడిగే మసాయిల్ ఉంది. 'మౌల్వీ సాబ్, నా భూమిని బావి కోసం అద్దెకు అడుగుతున్నారు. ఆ సొమ్ము హలాలేనా?' అని. భూమిని అద్దెకివ్వడం మూలంలో ధర్మసమ్మతమే. చమురు తీయడం కూడా స్వతహాగా నిషిద్ధం కాదు. అల్లాహ్ భూమిలో ఉంచినవన్నీ మానవుల ప్రయోజనానికే. అయితే షరీఅత్ యాజమాన్య హక్కును పొరుగువాడి గట్టు దగ్గర ఆపుతుంది. ఎవరికీ హాని తలపెట్టరాదనీ, హానికి బదులు హాని చేయరాదనీ ప్రవక్త (స) నిర్దేశించారు (ఇబ్నెమాజా). మదరసాలో హిదాయా చదివినవారికి 'హరీమ్' అధ్యాయం గుర్తుండే ఉంటుంది. ఒకడు నీటి బావి తవ్వుకుంటే దాని చుట్టూ 40 మూరల మేర మరొకడు బావి తవ్వరాదు. మొదటి బావి నీరు తగ్గిపోతుందన్న భయమే కారణం. కేవలం నీరు తగ్గుతుందన్న భయానికే ఫుఖహా ఇంత జాగ్రత్త వహిస్తే, నీరు చెడిపోతుందన్న భయానికి ఎంత జాగ్రత్త ఉండాలి? 40 మూరలన్నది ఆనాటి చేదబావుల లెక్క. హాని ఎంతదూరం పోతుందో అంతదూరం హద్దు అన్నది దాని వెనుక ఉన్న సూత్రం. కనుక అద్దెకిచ్చేవాడు తన సర్వే నంబరు హద్దులు చూసుకొని సంతకం పెడితే సరిపోదు. ఆ పొలాన్ని కౌలుకు చేస్తున్నవాడు ఉన్నాడు. నష్టపరిహారం యజమానికి పోతే అతని చేతికి ఏమీ రాదు. ముందు అతనితో మాట్లాడాలి. ఆ సంగతి తేల్చకుండా తీసుకున్న సొమ్మును నేను హరామ్ అనను గానీ, మనసు నిశ్చింతగా ఉండే సొమ్మని మాత్రం అనలేను.

పాలకులకు కూడా ఒక ఆదర్శం ఉంది. అబ్యజ్ బిన్ హమ్మాల్ (రజి) యమన్‌లోని మఆరిబ్ ఉప్పుగనిని తనకిమ్మని కోరితే ప్రవక్త (స) ఇచ్చేశారు. అది ఎడతెగని ఊటనీటి వంటిదని, అందరూ వాడుకునేదని అక్కడివారు తెలియజేయగానే ఆయన ఇచ్చినదాన్ని తిరిగి తీసుకున్నారు (అబూదావూద్, తిర్మిజీ). ప్రజల అవసరం ముడిపడి ఉన్నదని తెలిసినప్పుడు, ఇచ్చిన పత్రాన్ని వెనక్కి తీసుకోవడం పాలకుడికి చిన్నతనం కాదు. మన పొరుగు రాష్ట్రం తమిళనాడు 2020లో చట్టం చేసి కావేరీ డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించి, కొత్తగా చమురు, వాయు అన్వేషణను నిషేధించింది. 2017లో నెడువాసల్ గ్రామస్థులు మొదలుపెట్టిన ఆందోళన దానికి ఒక మెట్టు. కృష్ణా డెల్టాకు అటువంటి చట్టం లేదు.

ముస్లిం దేశాల్లోనూ ఇది జరిగింది. అల్జీరియా సహారాలోని ఇన్‌సలాహ్ ఒక ఒయాసిస్ పట్టణం. ఆ ఎడారిలో వాయువు కొత్తేమీ కాదు, ఆ దేశం బతికేదే దాని మీద. అయినా 2015 జనవరిలో షేల్ బావి విషయం తెలిసి స్త్రీలు, పురుషులు, విద్యార్థులు వేలాదిగా వీధుల్లోకి వచ్చి నెలల తరబడి శాంతియుతంగా నిలబడ్డారు. తమ ఖర్జూరాలకు, ప్రాణాలకు ఆధారమైన భూగర్భజలం పోతుందన్నదే వారి భయం.

'మన వంటింట్లో గ్యాసు మండుతూనే ఉంది కదా, మరి వద్దంటే ఎలా?' అని అడిగేవారికి ఒకటే మాట. గ్యాసు వద్దని ఎవరూ అనడం లేదు. ఎక్కడ, ఎంత, ఎవరి నీటితో, ఎవరిని అడిగి అన్నదే ప్రశ్న. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో నడుస్తాయని ఖుర్ఆన్ ప్రశంసించింది (42:38). కానీ 2020 జనవరిలో కేంద్రం నిబంధనలు మార్చి, అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా చేసింది. పందిరి వేసి, మైకు పెట్టి, కలెక్టరు వచ్చి అడుగుతారని ఎదురుచూస్తే ఆ రోజు రాకపోవచ్చు. కాబట్టి మనమే అడగాలి. పంచాయతీలో అడగవచ్చు, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. ఈ బావిలో రాతిని చీల్చే పని ఉందా? ఉంటే నీరు ఏ కాలువ నుంచి, ఎన్ని లీటర్లు? తిరిగి వచ్చిన నీటిని ఎక్కడ ఉంచుతారు, వరదొస్తే ఏం చేస్తారు? ఈ ప్రశ్నలకు మతం లేదు. చెరువు నీరు అందరూ తాగేదే కనుక ఊళ్లోని హిందూ, క్రైస్తవ సోదరులతో కలిసి వెళ్లి అడగడమే సబబు.

మరొక పని ఆలస్యం చేయకూడదు. బావి తవ్విన తరువాత నీరు మారిందని మొరపెట్టుకుంటే, ఈ ఉప్పు ముందు నుంచీ ఉన్నదేనన్న జవాబు వస్తుంది. ఉప్పునేల కాబట్టి ఆ జవాబును కాదనడం కష్టం. అందుచేత ఇప్పుడే, చెరువు నిండి ఉన్నప్పుడు ఒకసారి, వేసవిలో అడుగంటినప్పుడు మరొకసారి, నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, తేదీ వేయించిన ఆ కాగితాలను పంచాయతీలో ఒక ప్రతి, మస్జిద్ కమిటీ దస్త్రంలో ఒక ప్రతి భద్రపరచాలి. మస్జిదు బోరుతోనే మొదలుపెట్టవచ్చు. రోజుకు ఐదుసార్లు దాన్ని పుక్కిలించేవారు మనమే కదా.